తెలుగు బైబిల్, క్రైస్తవ ఈబుక్స్: ఏది ఉచితం, దేనికి డబ్బు పెట్టాలి? (గుణుపురం వైపు సంఘం కోసం)

గుణుపురం_సండేస్కూల్ అడిగారు:

అందరికీ వందనాలు. మాది రాయగడ జిల్లా గుణుపురం వైపు తెలుగు సంఘం. తెలుగు పుస్తకం కావాలంటే పర్లాకిమిడి దాటి పాతపట్నం పోవాలి, లేదంటే రాయగడ మీదుగా పార్వతీపురం. అందుకే ఫోన్‌లోకే తెచ్చుకుందామని సంఘంలో అనుకున్నాం. 1500 రూపాయలు పక్కన పెట్టాం.

కావలసినవి ఇవి. పెద్దవాళ్ళకి అలవాటైన పాత తెలుగు బైబిల్, నెట్ లేకుండా తెరుచుకోవాలి. కొండ మీది ఊళ్ళలో సిగ్నల్ ఉండదు. కూటాల్లో వాక్యం చెప్పేవాళ్ళకి ఒక వ్యాఖ్యానం, ఇంగ్లీషులో ఉన్నా పర్వాలేదు. చదువు రానివాళ్ళకి ఆడియో, కొందరి దగ్గర బటన్ ఫోన్లే ఉన్నాయి. సవర, కువి మాట్లాడే కుటుంబాలు కూడా వస్తాయి. ఇక పిల్లలు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే నేర్చారు, తెలుగు అక్షరాలు రావు.

ఇప్పటికి దించుకున్న ఒక ఆప్‌లో అధ్యాయం మారిస్తే చాలు ప్రకటన వస్తోంది. పైగా కంఠతా వచ్చిన వచనం వెతికితే దొరకడం లేదు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లోనూ అదే సంగతి, ఏ మాట కొట్టినా "ఫలితాలు లేవు" అంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నాగావళి_పాఠకుడు:

వందనాలండి. ముందు ఒక్క మాట: బైబిల్ కోసం ఆ 1500లో ఒక్క రూపాయి కూడా పెట్టకండి. తెలుగు బైబిల్ పాఠం సక్రమంగానే, ఉచితంగా దొరుకుతుంది. డబ్బు వ్యాఖ్యానానికి దాచుకోండి.

వచనం దొరకకపోవడానికి కారణం చాలామటుకు అనువాదం తేడా. మీ పెద్దవాళ్ళ నోట ఉన్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వాళ్ళ పాత అనువాదం, ఆప్‌లలో "ఓవీ" అని రాస్తారు. "చేసెను, పలికెను, కలుగదు" అనే గ్రాంథికం అది. ఇప్పుడు చాలా ఆప్‌లు ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, అంటే ఐఆర్‌వీ పెడుతున్నాయి. అది "చేశాడు, చెప్పాడు" అనే వాడుక భాష. 23వ కీర్తన మొదటి వచనం పెద్దవాళ్ళకి "లేమి కలుగదు" అనే వచ్చు. ఆ "లేమి" అనే మాటను వాడుక భాష అనువాదంలో వెతికితే ఆ కీర్తన రాకపోవచ్చు. కాబట్టి ఏ ఆప్ దించినా ముందు 23వ కీర్తన తెరిచి మొదటి వచనం చూడండి. "లేమి కలుగదు" అని ఉంటే పాతది. ఆప్ పేరు "పరిశుద్ధ గ్రంథము" అని ఉన్నంత మాత్రాన లోపలిది పాత అనువాదమని నమ్మకండి.

క్యాథలిక్ కుటుంబాలు ఉంటే ఇంకో సంగతి. వాళ్ళ బైబిల్లో 73 పుస్తకాలు, మనం పైన చెప్పుకున్న వాటిలో 66. తోబీతు, మక్కబీయులు విషయసూచికలో ఉన్నాయో లేదో చూసుకుంటే తెలిసిపోతుంది.

పెద్దవాళ్ళ ఫోన్లకి యూవెర్షన్ బైబిల్ ఆప్ పెట్టండి. డబ్బులు లేవు, ప్రకటనలు లేవు. అనువాదాల జాబితాలో తెలుగు ఎంచుకుని, పాత అనువాదం పేరు పక్కన కింది బాణం గుర్తు నొక్కితే ఫోన్‌లోకి దిగుతుంది. అన్ని అనువాదాలకీ ఆ బాణం ఉండదు, అది హక్కుదారులు ఇచ్చిన అనుమతిని బట్టి. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే ఆప్ దించేసి, బాణం నొక్కకుండానే "అయిపోయింది" అనుకోవడం. గుణుపురంలో బాగానే తెరుచుకుంటుంది, కొండెక్కాక తెల్ల తెర. దించాక ఫ్లైట్ మోడ్ పెట్టి ఆదికాండము, యెషయా, ప్రకటన మూడూ తెరిచి చూసి అప్పుడే ఫోన్ చేతికివ్వండి. ఒక్క పుస్తకమే చూస్తే చాలదు, ముందు చదివిన అధ్యాయం నెట్ లేకపోయినా కనబడుతుంది, దానితో మోసపోతాం.

ఫైలుగానే చేతిలో ఉండాలంటే ఈబైబిల్ డాట్ ఆర్గ్‌లో తెలుగు ఐఆర్‌వీ ఈపబ్ (ఈబుక్ ఫైలు రకం), పీడీఎఫ్ రెండూ ఉన్నాయి. ఈపబ్ తీసుకోండి. అక్షరం ఎంత పెద్దది చేసినా వరుసలు తెర వెడల్పుకి సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో పేజీ మొత్తం పెద్దదై పక్కలకి జరుపుకుంటూ చదవాలి, కళ్ళజోడు వాళ్ళకి అది పెద్ద అవస్థ. ఆ ఈపబ్‌ని రీడ్‌ఎరా అనే ఆప్‌లో తెరవండి. ఖాతా అక్కర్లేదు, ప్రకటనలు ఉండవు. ఐఆర్‌వీ మీద ఉన్నది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, మూలం పేరు చెప్పి, అదే లైసెన్సు కింద ఎంతమందికైనా పంచవచ్చు. బ్లూటూత్‌లో ఇచ్చినా, అచ్చు వేసినా తప్పు లేదు. పాత అనువాదానికి ఆ వెసులుబాటు లేదు.

వెతకడంలో ఇంకో చిక్కు ఉంది. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది. "లోకము" అని కొడితే "లోకమును" చూపే ఆప్‌లు ఉన్నాయి, అచ్చంగా అదే మాట ఉంటే తప్ప చూపనివీ ఉన్నాయి. రెండో రకంలో "లోకములో", "లోకమునకు" ఒక్కొక్కటీ విడిగా కొట్టాలి. ఒత్తులు కూడా చూసుకోండి. "పరిశుద్ధ" బదులు "పరిశుధ్ద" అని కొడితే యంత్రానికి అది వేరే మాట.

పర్లాకిమిడి_లైబ్రరీ:

పైన అన్న చెప్పినదంతా సరే. వాట్సాప్ పీడీఎఫ్ సంగతి, కొనుగోళ్ళ సంగతి నేను చెబుతాను.

ఆ పీడీఎఫ్‌లో ఒక వరుస మీద వేలు నొక్కి పట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది. తెలుగు తెలుగుగానే వస్తే యూనికోడ్, అంటే యంత్రానికి తెలిసే అసలు తెలుగు అక్షరాలు, వెతకడం పనిచేస్తుంది. అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే అను, శ్రీలిపి లాంటి పాత డీటీపీ ఫాంట్లతో చేసింది. అక్కడ కంటికి కనబడే "క" లోపల ఇంకేదో ఇంగ్లీషు అక్షరంగా ఉంటుంది, అందుకే ఏం వెతికినా దొరకదు. అసలు ఏదీ ఎంపిక కాకపోతే పేజీలను ఫొటోలు తీసిన స్కాన్. తెలుగు క్రైస్తవ పుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు ఈ రెండో మూడో రకమే. చదువుకోవడానికి పనికొస్తాయి, వెతకడానికి పనికిరావు. డబ్బు పెట్టి కొనేటప్పుడు ఈ పరీక్ష ముందే చేయాలి.

ఎలాగంటే, గూగుల్ ప్లే బుక్స్‌లో చాలా పుస్తకాలకి ఉచిత నమూనా ఉంటుంది. దాన్ని తెరిచి అక్షరం సైజు మార్చే గుర్తు నొక్కండి. "ఫ్లోయింగ్ టెక్స్ట్" ఉంటే అక్షరం పెరుగుతుంది. "ఒరిజినల్ పేజెస్" ఒక్కటే ఉంటే అది పేజీ బొమ్మ, ఆరంగుళాల ఫోన్‌లో పెద్దవాళ్ళు చదవలేరు. నమూనాలో "క్రీస్తు", "స్త్రీ", "రాష్ట్రము" అనే మాటలు కనబడే చోటు చూడండి. వత్తులు కిందకి దిగకుండా అక్షరాలు విడివిడిగా పొల్లుతో నిలబడ్డాయంటే ఆ ఫైలుకీ మీ పరికరానికీ పడలేదు. కొన్నాక బాగవుతుందిలే అనుకోకండి, కాదు.

ప్లే బుక్స్‌లో యూపీఐతో కట్టొచ్చు. మీది ఒడిశా అయినా ఆంధ్ర అయినా ఖాతాకి దేశం ఇండియా అయితే చాలు. కిండిల్ గురించి ఎవరైనా చెబితే ఇది గుర్తుంచుకోండి: 2016 డిసెంబరులో అమెజాన్ భారతీయ భాషల ఈబుక్స్ మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మాత్రమే ఉన్నాయి, తెలుగు లేదు. ఇంగ్లీషు పుస్తకాలకి కిండిల్ మంచిదే. అయితే కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో ఎక్కించే దారిని 2025 ఫిబ్రవరి 26న మూసేశారు. సొంత ఈపబ్ ఫైళ్ళను "సెండ్ టు కిండిల్" ద్వారా పంపుకోవచ్చు.

వ్యాఖ్యానానికి మొదట కొనకండి. పాతకాలపు ఇంగ్లీషు బోధకుల్లో మాథ్యూ హెన్రీ 1714లో చనిపోయారు, స్పర్జన్ 1892లో. వాళ్ళ ఇంగ్లీషు రచనలకి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. క్రిస్టియన్ క్లాసిక్స్ ఎథీరియల్ లైబ్రరీలో మాథ్యూ హెన్రీ పూర్తి వ్యాఖ్యానం ఆరు సంపుటాలూ ఉచితం. ఇదే పుస్తకాన్ని కొత్త అట్ట వేసి వంద, రెండు వందలకి అమ్మేవాళ్ళు ఆన్‌లైన్‌లో చాలామంది ఉన్నారు. పేరులో "కన్సైజ్" ఉంటే అది కుదించింది, పూర్తిది కాదు. తెలుసుకోదగ్గ సంగతి ఇంకొకటి: హెన్రీ స్వయంగా రాసింది అపొస్తలుల కార్యములు వరకే. రోమా పత్రిక నుంచి ప్రకటన వరకు ఆయన పోయాక ఇతర బోధకులు పూర్తిచేశారు. పత్రికల మీద వాక్యం సిద్ధం చేసేవాళ్ళు ఆ తేడా ఎరిగి చదవాలి.

గ్రీకు, హీబ్రూ మాటల అర్థం కావాలంటే కేంబ్రిడ్జ్ టిండేల్ హౌస్ వాళ్ళ స్టెప్ బైబిల్ ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. లోగోస్ అనే బైబిల్ అధ్యయన ఆప్‌లో కొత్త వ్యాఖ్యానాలు దొరుకుతాయి. కానీ ధర డాలర్లలో, పుస్తకం లోగోస్ ఆప్‌లోనే తెరుచుకుంటుంది, యూపీఐ తీసుకోని విదేశీ సైట్లలో కార్డు కావాలి. 2020 తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ చెల్లింపు మొదట మూసే ఉంటుంది. బ్యాంకు ఆప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్ళి తెరవాలి, పరిమితి కూడా అక్కడే పెట్టుకోవాలి, పని అయ్యాక మళ్ళీ మూసేయాలి. కొన్న ధర మీద మారకం రుసుము, దాని మీద జీఎస్‌టీ పడతాయి. 1500 ఉందని 1500 పుస్తకం ఎంచుకుంటే చాలదు. 1400 లోపు చూసుకోండి.

సంఘం డబ్బుతో కొంటే ఎవరో కుర్రవాడి సొంత మెయిల్‌తో కొనవద్దు. వాడు పనికి హైదరాబాదో సూరతో వెళ్ళిపోతాడు, పుస్తకాలు వాడి ఖాతాతోనే పోతాయి. సంఘం పేరున ఒక ఖాతా తెరిచి, రికవరీ నంబరు పెద్దల్లో ఒకరిది పెట్టండి. రెండేళ్ళు అసలు ముట్టని ఖాతాలను గూగుల్ తీసేస్తుంది, కాబట్టి నెలకోసారైనా తెరవండి.

గుణుపురం_సండేస్కూల్:

చాలా మేలు చేశారు. పీడీఎఫ్ పరీక్ష ఇప్పుడే చేశాను, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వచ్చాయి. అంటే మీరు చెప్పిన రెండో రకం. జాన్ బన్యన్ "యాత్రికుని ప్రయాణము" తెలుగు పీడీఎఫ్ కూడా ఒకటి తిరుగుతోంది. ఆయన పుస్తకం 1678 నాటిది కదా, అందరికీ పంచవచ్చా? ఆడియో, పిల్లల సంగతి ఇంకా మిగిలింది.

పర్లాకిమిడి_లైబ్రరీ:

ఆగండి. 1678 అన్నది ఇంగ్లీషు మూలానికి. తెలుగు అనువాదానికి వేరే హక్కు ఉంటుంది, అది అనువదించినవారిది. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్ళు. ఆ పీడీఎఫ్ మొదటి పేజీల్లో అనువాదకుడి పేరు, ముద్రణ సంవత్సరం చూడండి. ఇటీవలి అనువాదమైతే ప్రచురించినవాళ్ళని అడగకుండా పంచకండి. తెలుగు క్రైస్తవ పుస్తకాలు వేసే సంస్థలు చిన్నవి. వెయ్యి ప్రతులు అమ్ముడుపోతేనే ఇంకో పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

కొండదారి_ఆడియో:

ఆడియోకి ముందు బైబిల్ డాట్ ఈజ్ ఆప్ చూడండి. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ వాళ్ళది, ఉచితం, ఆడియోను ఫోన్‌లోకి దించుకోవచ్చు. గ్లోబల్ రికార్డింగ్స్ నెట్‌వర్క్ సైట్‌లో చిన్న భాషలకి బైబిల్ కథల రికార్డింగులు ఉంటాయి. అక్కడ "సవర" అని వెతికితే తికమక. ఇంగ్లీషులో సోరా అనీ సౌరా అనీ రకరకాలుగా రాస్తారు. భాష కోడ్‌తో వెతకండి: సవరకి ఎస్-ఆర్-బీ, కువికి కే-ఎక్స్-వీ, తెలుగుకి టీ-ఈ-ఎల్. కుయి, కువి ఒకటి కాదు, పేరు దగ్గరగా ఉందని పొరపాటున కుయిది దించి ఇస్తే ఆ కుటుంబానికి సరిగా అర్థం కాదు. సవర బైబిల్ అచ్చు పుస్తకం చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి బడికి వెళ్ళే సవర పిల్లలు కొంచెం నేర్పితే చదవగలరు.

బటన్ ఫోన్లకి మెమరీ కార్డు దారి. 66 పుస్తకాలకి 1189 అధ్యాయాలు, అధ్యాయానికి ఒక ఎంపీ3 చొప్పున 1189 ఫైళ్ళు. మొత్తం సుమారు 80 గంటలు అనుకుంటే, 64 కేబీపీఎస్‌లో (ఇది శబ్దం నాణ్యత కొలత) దాదాపు 2.3 జీబీ, 32లో 1.2 జీబీ లోపే. మాటే కాబట్టి 32 చాలు, పాటలకైతే చాలదు. 4 జీబీ కార్డులో పట్టేస్తుంది. 32 జీబీకి మించిన కార్డు కొనకండి. అవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, బటన్ ఫోన్ వాటిని చదవదు, "కార్డు పాడైంది" అని చూపిస్తుంది. కార్డు పాడవలేదు, ఫార్మాట్ తేడా అంతే. 32 లోపు కార్డును ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి.

ఇప్పుడు అందరికీ దెబ్బ కొట్టేది ఫైళ్ళ వరుస. పేర్లు తెలుగులో పెడితే బటన్ ఫోన్ డబ్బాలు చూపిస్తుంది, కాబట్టి అంకెలతో మొదలుపెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. ఆదికాండము ఫోల్డరు 01, కీర్తనలు 19, మత్తయి 40, ప్రకటన 66. కీర్తనలు 150 కాబట్టి లోపలి ఫైళ్ళకి మూడు అంకెలు: 001, 002, 003. ఉత్త 1, 2 అని పెడితే 1 తర్వాత 10, ఆ తర్వాత 100 వస్తుంది. ఇంత చేసినా చౌక స్పీకర్లు (పెన్‌డ్రైవ్ పెట్టి వాయించేవి) పేరు చూడవు, కార్డులోకి ఏ ఫైలు ముందు ఎక్కిందో అదే ముందు వాయిస్తాయి. అందుకని మొత్తం ఒకేసారి లాగి పడేయకండి. ఖాళీ చేసిన కార్డులోకి 01 ఫోల్డరు కాపీ అయ్యాక 02, అలా వరుసగా ఎక్కించండి. మధ్యలో ఒక ఫైలు మార్చాల్సి వస్తే ఆ ఫోల్డరు తీసేసి మళ్ళీ ఎక్కించినా వరుస నమ్మలేం. కార్డు ఫార్మాట్ చేసి మొదటి నుంచీ ఎక్కించడమే మేలు.

కార్డులు పంచేముందు ఒక్కటి పూర్తిగా తయారుచేసి, ఆ ఊళ్ళో వాడే ఫోన్‌లోనే పెట్టి వినండి. లౌడ్ స్పీకర్ మీద 32 కేబీపీఎస్ గరగరలాడుతుంటే 64కి మారండి.

రెండు_లిపులు:

పిల్లల సంగతి నేను చెబుతాను, ఈ సరిహద్దు పొడుగునా ఉన్న సమస్యే ఇది.

మొదటి దారి, ఒడియాలో చదవడం, తెలుగులో వినడం. ఆండ్ బైబిల్ అనే ఆండ్రాయిడ్ ఆప్ ఉచితం, తెర రెండుగా చీల్చి పైన ఒక అనువాదం, కింద ఒకటి పెట్టుకోవచ్చు. పైన ఒడియా, కింద తెలుగు. ఒక కిటికీ జరిపితే రెండోది అదే వచనానికి జరుగుతుంది. అనువాదాలు డౌన్‌లోడ్ డాక్యుమెంట్స్‌లో భాష ఎంచుకుని దించాలి, ఇది మాత్రం నెట్ ఉన్నచోటే చేయండి. పక్కన ఆడియో పెడితే చెవికి తెలుగు, కంటికి ఒడియా.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం: తెలుగు పాఠాన్నే ఒడియా లిపిలో పెట్టడం. అక్షరముఖ అనే ఉచిత సైట్ లిపిని మారుస్తుంది, భాష మారదు. ఐఆర్‌వీ లైసెన్సు దీనికి ఒప్పుకుంటుంది. మూలం పేరు రాసి, లిపి మార్చామని చెప్పి, అదే లైసెన్సు కింద ఇవ్వాలి. పాత అనువాదంతో ఇలా చేయకండి.

లిపి మార్చాక తప్పులు ఎక్కడ వస్తాయో చెబుతాను. ఒడియాలో ఎ, ఏ లకి ఒకటే అక్షరం, ఒ, ఓ లకీ ఒకటే. కాబట్టి "కొట్టు", "కోట" రెండింటి మొదటి అక్షరం ఒకేలా కనబడుతుంది, "చెడు"లో చె, "చేదు"లో చే కూడా అంతే. ఏది కురచో ఏది దీర్ఘమో అక్షరం చూసి పిల్లలకి తెలియదు. దీనికి మందు: దీర్ఘం ఉన్న చోట అక్షరం పక్కన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టించండి, మొదటి రెండు మూడు వారాలు చాలు. ఇంకొకటి, ఒడియా చదివిన నోరు "అ"ని "ఒ" వైపు తిప్పుతుంది. "మన" అని రాస్తే "మొనొ" అని చదువుతారు. తెలుగు ఇంట్లో మాట్లాడే పిల్లలే కాబట్టి ఒకసారి గట్టిగా చదివి వినిపిస్తే సర్దుకుంటారు. అక్షరం చూసి కాదు, మాట గుర్తుపట్టి.

మొత్తం బైబిల్‌కి పూనుకోకండి. వారానికి ఒక వచనం చొప్పున ఏడాదికి 52. ఒక పేజీలో పైన తెలుగు లిపి, కింద ఒడియా లిపి, అదే వాక్యం. రెండూ ఒకే క్రమంలో ఉంటాయి కాబట్టి నెమ్మదిగా పై వరుస అక్షరాలు కూడా వస్తాయి. అచ్చుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గా ఇవ్వండి. వర్డ్ ఫైలు ఇస్తే షాపు కంప్యూటర్‌లో ఒడియా ఫాంటు లేక డబ్బాలు వస్తాయి.

నాగావళి_పాఠకుడు:

కళ్ళు బాగా మసకబారినవాళ్ళు ఉంటే ఇంకొక దారి ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో "టెక్స్ట్ టు స్పీచ్" అని వెతికి, గూగుల్ స్పీచ్ ఇంజిన్‌లో తెలుగు గొంతు దించుకోండి. తర్వాత రీడ్‌ఎరాలో ఈపబ్ తెరిచి చదివించే గుర్తు నొక్కితే ఫోనే చదువుతుంది. యంత్రం గొంతే, సంధులు అక్కడక్కడ విరుస్తుంది, కానీ ఆడియో రికార్డింగ్ లేని ఏ యూనికోడ్ పుస్తకమైనా వినొచ్చు. పర్లాకిమిడి అన్న చెప్పిన రెండో మూడో రకం పీడీఎఫ్‌లకి ఇది పనిచేయదు. ఆ ఫైళ్ళలో యంత్రం చదవగలిగే తెలుగు అక్షరమే లేదు కదా.

గుణుపురం_సండేస్కూల్:

ఈ ఆదివారం పెద్దవాళ్ళ ఫోన్లు, వచ్చే వారం కార్డులు. ఒడియా లిపి పేజీకి 23వ కీర్తనతో మొదలుపెడతాం. ఐఆర్‌వీ మాటల్లోనే ఉంటుంది కాబట్టి "లేమి కలుగదు" ఎక్కడ పోయిందని పెద్దవాళ్ళు అడుగుతారు, ముందే చెప్పి ఉంచుతాను. కువి ఆడియో కోడ్‌తో దొరికింది, ఇప్పుడు దిగుతోంది.